టారో కార్డులో ముందు పువ్వును చూడండి: రోజుకో కార్డు, రోజుకో పని

టారో అంటే జోస్యానికి వాడే 78 బొమ్మల కార్డుల పేక. అందులోంచి ఒక కార్డు తీయగానే ఫోన్ అందుకుని దాని అర్థం వెతకడం చాలామందికి అలవాటు. నేనూ మొదట్లో అదే చేసేదాన్ని. ఒకచోట మంచిదని ఉంటుంది, ఇంకోచోట జాగ్రత్త అని ఉంటుంది. పది చోట్ల చదివేసరికి అసలు ఎందుకు కార్డు తీశామో మర్చిపోతాం. ఇప్పుడు నేను కార్డు తీశాక ఫోన్ ముట్టుకోను. బొమ్మలో ఎక్కడైనా పువ్వు ఉందా అని చూస్తాను. ఉంటే అది ఏ పువ్వు, ఎవరి చేతిలో ఉంది, చెట్టునే ఉందా, తెంపారా, మాల కట్టారా అని చూస్తాను. ఆ రోజుకి నాకు కావలసింది చాలాసార్లు అక్కడే దొరుకుతుంది.

దీన్ని ఇంట్లో మీ అంతట మీరే ఎలా చేసుకోవచ్చో చెబుతాను. కోర్సులు అక్కర్లేదు, జ్యోతిషం తెలియక్కర్లేదు. పొద్దున పది నిమిషాలు, ఒక నోట్‌బుక్ ఉంటే చాలు.

ఒక మాట ముందే చెప్పాలి. ఇది రేపేం జరుగుతుందో చెప్పే విద్య కాదు. చిలక జోస్యం మీరు చూసే ఉంటారు. చిలక పంజరంలోంచి వచ్చి ముక్కుతో ఒక కార్డు లాగుతుంది, జోస్యం చెప్పేవాడు ఆ బొమ్మ చూసి మన సంగతి చెబుతాడు. ఇక్కడ కార్డు తీసేది మీరే, బొమ్మ చదివేది మీరే, ఆ రోజు చేయాల్సిన పని ఎంచుకునేదీ మీరే. కార్డు మిమ్మల్ని ఒక ప్రశ్న అడుగుతుంది, అంతే.

ఏ పేక కొనాలి

మార్కెట్లో వందల రకాలు దొరుకుతాయి. మొదటిసారి కొనేవాళ్లు రైడర్ వెయిట్ పేకనే తీసుకోండి. టారో 15వ శతాబ్దంలో ఉత్తర ఇటలీలో మామూలు పేకాటగా మొదలైంది. దాన్ని జోస్యానికి వాడటం 18వ శతాబ్దంలో ఫ్రాన్స్‌లో ఊపందుకుంది. మనం వాడే ఈ పేక 1909లో లండన్‌లో వచ్చింది. రైడర్ అన్నది ప్రచురణ సంస్థ పేరు, వెయిట్ దాన్ని రూపొందించిన ఆయన పేరు. మొత్తం 78 బొమ్మలూ వేసింది మాత్రం పమేలా కోల్‌మన్ స్మిత్ అనే చిత్రకారిణి. పెట్టె మీద చాలాకాలం ఆమె పేరే లేదు. ఇప్పుడు చాలామంది రైడర్ వెయిట్ స్మిత్ పేక అంటున్నారు, అలా అనడమే న్యాయం.

ఎందుకంటే మన పద్ధతికి ఆధారం ఆమె బొమ్మలే. టారోలో కప్పులు (కప్స్), కర్రలు (వాండ్స్), కత్తులు (స్వోర్డ్స్), నాణేలు (పెంటకిల్స్) అని నాలుగు రకాల చిన్న కార్డులుంటాయి. పాత పేకల్లో ఇవి చాలావరకు మన పేకముక్కల్లాగే ఉండేవి. ఆరు కప్పులంటే ఆరు కప్పుల బొమ్మలు, అంతే. ఆమె ఆ కప్పుల నిండా తెల్లపూలు పెట్టి, పక్కన ఒక పెరడు వేసి, ఒక అబ్బాయి చిన్నపిల్లకి పూలు అందిస్తున్నట్టు గీసింది. ఆ పెరట్లోకి మనం కూడా అడుగు పెట్టవచ్చు.

పూల కార్డులు వేరు చేయండి

78 కార్డులతో ఒకేసారి మొదలుపెడితే తికమక అవుతుంది. చాప మీద అన్నీ పరిచి, పూలు స్పష్టంగా కనబడే కార్డులు ఏరండి. నేను ఏరినవి 15. పెద్ద కార్డుల్లో, అంటే ఈ నాలుగు రకాల్లో చేరకుండా సొంత పేరున్నవాటిలో, ది ఫూల్, ది మెజీషియన్, ది హైరోఫాంట్ (మతగురువు), స్ట్రెంత్, డెత్, టెంపరెన్స్, ది సన్. చిన్నవాటిలో ఏస్ ఆఫ్ కప్స్, సిక్స్ ఆఫ్ కప్స్, టూ ఆఫ్ వాండ్స్, ఫోర్ ఆఫ్ వాండ్స్, క్వీన్ ఆఫ్ వాండ్స్, నైన్ ఆఫ్ స్వోర్డ్స్, ఏస్ ఆఫ్ పెంటకిల్స్, క్వీన్ ఆఫ్ పెంటకిల్స్. మీకు ఇంకా కనబడితే కలుపుకోండి. మొదటి నెల ఈ చిన్న కట్టతోనే గడపండి, మిగతావి పెట్టెలో ఉంచేయండి.

ఏరేటప్పుడు తొందరపడకండి. సగం నేర్చుకోవడం ఈ ఏరడంలోనే అయిపోతుంది. హైరోఫాంట్ ముందు మోకరిల్లిన ఇద్దరు శిష్యులను చూడండి. ఒకరి అంగీ మీద గులాబీలు, ఇంకొకరి అంగీ మీద లిల్లీలు ఉంటాయి. టూ ఆఫ్ వాండ్స్‌లో గోడ మీద ఆ రెండు పూలే అడ్డంగా అల్లి ఉంటాయి. మెజీషియన్ తల మీద గులాబీ పందిరి, కాళ్ల దగ్గర గులాబీలు, లిల్లీలు కలిసి ఉంటాయి. అవి పొలాల్లో, లోయల్లో పూసే అడవి పూలే తోటపూలుగా మారాయని వెయిట్ స్వయంగా వివరించాడు. నాకు ఈ మాట చాలా ఇష్టం. ఎక్కడో తన మానాన పెరిగే కోరికను రోజూ నీళ్లు పోసి తోటలోకి తెచ్చుకోవడం! మీకు మెజీషియన్ వచ్చిన రోజు, ఎన్నాళ్లుగానో "చేద్దాంలే" అనుకుంటున్న పనికి ఒక టైమ్, ఒక చోటు కేటాయించండి.

బొమ్మను ఎలా చూడాలి

పొద్దున కాఫీ అయ్యాక కార్డులు కలిపి ఒకటి తీయండి. తలకిందులుగా వస్తే నేరుగా తిప్పుకోండి, దానికి వేరే అర్థం వెతకొద్దు. రెండు నిమిషాలు బొమ్మనే చూస్తూ మూడు విషయాలు పట్టుకోండి: పువ్వు ఎక్కడుంది, దాని పక్కన ఏముంది, ఆ పువ్వు ఏం పని చేస్తోంది. మూడోది ముఖ్యం.

స్ట్రెంత్ కార్డుతో చూద్దాం. తెల్లబట్టల్లో ఉన్న ఒక అమ్మాయి సింహం నోరు మూస్తోంది. చేతిలో కత్తి లేదు, తాడు లేదు. తలలో పూలు, నడుముకు పూలమాల. ఆ పూలమాలతోనే ఆమె సింహాన్ని నడిపిస్తోందని వెయిట్ రాశాడు. పూలమాల సింహాన్ని ఆపగలదా? లాగితే తెగిపోతుంది. అయినా సింహం లాగడం లేదు. ఈ కార్డు వచ్చిన రోజు నేను ఎవరితో గట్టిగా మాట్లాడబోతున్నానో ఆలోచిస్తాను. ఒకసారి ఇది మా అత్తగారితో మందుల విషయంలో మాటా మాటా పెరిగిన మర్నాడు వచ్చింది. ఆ రోజు నేను మాత్రల డబ్బా తీసుకుని ఆవిడ పక్కన కూర్చుని, "అత్తయ్యా, ఇందులో మీకు ఏది పడట్లేదో చూపించండి" అన్నాను. నీలం మాత్ర వేసుకుంటే కడుపులో తిప్పుతోందట. డాక్టర్‌కి ఫోన్ చేస్తే మార్చి రాశారు. అన్నాళ్లూ ఆవిడ మొండికేస్తున్నారని అనుకున్నాను, నేను అడగనే లేదు.

ఇక అందరూ భయపడే డెత్ కార్డు. కొన్నేళ్ల కిందట ఆన్‌లైన్‌లో ఒకావిడ నాకు కార్డులు చూసింది. డెత్ వచ్చిందనీ, ఇంట్లో ఒకరికి గండం ఉందనీ, పరిహారానికి 11,000 రూపాయలు పంపమనీ చెప్పింది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. తెల్లవారుజామున ఆ బొమ్మను ఫోన్‌లో పెద్దది చేసి చూశాను. తెల్లగుర్రం మీద అస్థిపంజరం, చేతిలో నల్లజెండా. ఆ జెండా మీద అంతా ఆక్రమించి ఒక తెల్లగులాబీ విచ్చుకుని ఉంది. వెనక దూరంగా రెండు బురుజుల మధ్య సూర్యుడు. అంత పెద్ద పువ్వును ఆవిడ ఒక్కమాట కూడా ప్రస్తావించలేదు. నేను డబ్బు పంపలేదు. కార్డుల్లో పువ్వులు చూడటం నాకు ఆ తెల్లవారుజామునే మొదలైంది.

డెత్ వస్తే మీరు చేయాల్సింది ఇది: ఇంట్లో గానీ మనసులో గానీ కాలం చెల్లిపోయినదాన్ని ఒకటి వదిలించుకోండి. ఎవరూ వేసుకోని బట్టలు కావచ్చు, ఆరు నెలలుగా వెళ్లని జిమ్ మెంబర్‌షిప్ కావచ్చు, పాతబడ్డ ఒక పంతం కావచ్చు. ఎవరి ప్రాణానికీ ఆ కార్డుతో సంబంధం లేదు.

టెన్షన్ రోజుల్లో నాకు బాగా దగ్గరైనది నైన్ ఆఫ్ స్వోర్డ్స్. అర్ధరాత్రి మంచం మీద లేచి కూర్చుని రెండు చేతుల్లో ముఖం దాచుకున్న మనిషి. వెనక చీకట్లో తొమ్మిది కత్తులు. చూడగానే గుండె బరువెక్కుతుంది. కానీ కాళ్ల మీద కప్పుకున్న బొంత చూడండి. గళ్లు గళ్లుగా కుట్టిన బొంత, కొన్ని గళ్లలో రాశుల గుర్తులు, కొన్నింటిలో ఎర్రగులాబీలు. కత్తులు గోడ మీదే ఉన్నాయి, ఒంటి మీద ఉన్నది పూలబొంత. మా అమ్మాయి ఇంటర్ రిజల్ట్స్ ముందు వారం ఈ కార్డు రెండుసార్లు వచ్చింది. ఆ వారం నేను రాత్రి పదింటికి ఫోన్ హాల్లో పెట్టేసి, తను పడుకునే గదిలోనే చాప వేసుకుని పడుకున్నాను. మార్కుల గురించి ఒక్క మాట ఎత్తలేదు. ఈ కార్డు వస్తే, ఆ రాత్రి మీకు గానీ మీ ఇంట్లో నిద్రపట్టని మనిషికి గానీ పూలబొంత ఏమిటో ఆలోచించి అది చేయండి.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. ఫూల్ కొండ అంచున తెల్లగులాబీ పట్టుకుని నడుస్తున్నాడు, కాళ్ల దగ్గర కుక్క గెంతుతోంది. కొత్తది మొదలుపెట్టే రోజు ఇది, కుక్కలా హెచ్చరించే స్నేహితుడి మాట వినండి. ఫోర్ ఆఫ్ వాండ్స్‌లో నాలుగు కర్రలకు పూలదండ కట్టి ఉంటుంది. మన పెళ్లిపందిరి, గుమ్మానికి బంతిపూల తోరణం గుర్తొస్తాయి. ఎవరినైనా భోజనానికి పిలవండి. టెంపరెన్స్‌లో రెక్కలున్న దేవదూత ఒక కాలు నీళ్లలో, ఒకటి ఒడ్డున పెట్టి రెండు పాత్రల మధ్య నీళ్లు వంపుతోంది, పక్కన పసుపు ఐరిస్ పూలు. రెండు పనుల మధ్య నలిగిపోతున్న రోజు వస్తే ఒకదాన్నుంచి కొంచెం టైమ్ తీసి రెండోదానికి ఇవ్వండి. ఏస్ ఆఫ్ కప్స్ కింద నీళ్ల మీద కలువలు. మనసులో మాట ఒకరికి చెప్పండి.

సన్ కార్డు దగ్గర మాత్రం కాస్త ఆగాలి. గోడ వెనక నుంచి పొద్దుతిరుగుడు పూలు తొంగిచూస్తుంటాయి, ముందు గుర్రం మీద పసివాడు. పొద్దుతిరుగుడు మొక్క లేతగా ఉన్నప్పుడు రోజంతా సూర్యుడితో పాటు తిరుగుతుంది. పువ్వు ముదిరాక తిరగడం మానేసి తూర్పు వైపే నిలబడిపోతుంది. రాయలసీమ వైపు చేలల్లో చూసినవాళ్లకి ఇది తెలుసు. అందుకే ఈ కార్డు వచ్చినప్పుడు నేను ఇలా ప్రశ్నించుకుంటాను: నేను ఇంకా అందరి వైపూ తిరుగుతున్నానా, లేక నా తూర్పు ఏదో తెలుసుకున్నానా? క్వీన్ ఆఫ్ వాండ్స్ చేతిలోనూ ఇదే పువ్వు. ఆవిడ దాన్ని చేత్తో పట్టుకుని నిబ్బరంగా కూర్చుంది.

మన పువ్వు, వాళ్ల పువ్వు

ఇక్కడ ఒక చిక్కు ఉంది. ఈ పూల అర్థాలు యూరప్‌వి. 19వ శతాబ్దంలో ఇంగ్లండ్, ఫ్రాన్స్‌లలో పువ్వుకొక అర్థం రాసి పుస్తకాలు వేసుకునేవారు. ఎర్రగులాబీ ప్రేమ, తెల్లలిల్లీ నిర్మలత్వం. బొమ్మలు వేసిన స్మిత్ పుట్టింది 1878లో, ఆ వాడుక ఇంకా బతికున్న రోజుల్లో. మీరు మన బజారుకు వెళ్లి లిల్లీ అడిగితే నేలసంపెంగ ఇస్తారు. కార్డులో ఉన్నది అది కాదు, బూర ఆకారంలో ఉండే పెద్ద తెల్లపువ్వు. కానీ లిల్లీ అనగానే మీకు పెళ్లిదండ వాసన గుర్తొస్తే, ఆ జ్ఞాపకాన్ని తోసేయకండి. కార్డు మీతో మాట్లాడేది మీ జ్ఞాపకంతోనే. నోట్‌బుక్‌లో రెండూ రాసుకోండి, రోజు గడిచాక ఏది పనికొచ్చిందో మీకే తెలుస్తుంది.

ఇంకా మంచి పని ఒకటుంది. అట్టముక్కలు కోసి మన పూలతో సొంత కార్డులు చేసుకోండి. బొమ్మ వేయడం రాకపోతే పువ్వు పేరు రాసినా చాలు. కింద ఒక ప్రశ్న రాయండి. నా కట్టలో ఉన్నవి కొన్ని చెబుతాను.

పారిజాతం: రాత్రి పూసి తెల్లారేసరికి రాలిపోతుంది. వేరే పూలు నేల మీద పడితే పూజకు వాడం, దీన్ని మాత్రం నేల మీద నుంచే ఏరుకుంటాం. కింద పడినదానిలో నేను ఏరుకోదగ్గది ఏముంది?

వేపపువ్వు: ఉగాది పచ్చడిలో చేదు ఇదే ఇస్తుంది. ఈ రోజు నేను తప్పించుకుంటున్న చేదు ఏది, దాన్ని కొంచెం రుచి చూడగలనా?

కనకాంబరం: వాసన లేదు, కానీ త్వరగా వాడదు. అందుకే మల్లెతో, మరువంతో కలిపి మాల కడతారు. నేను ఎవరితో కలిస్తే మాల నిండుతుంది?

మొగలి: ఎంత పరిమళం ఉన్నా శివపూజకు పనికిరాదు, బ్రహ్మ కోసం అబద్ధపు సాక్ష్యం చెప్పిందని కథ. ఈ మధ్య ఎవరి మొహమాటానికైనా అబద్ధం చెప్పానా?

తంగేడు: నీళ్లు తక్కువైనా రోడ్డు పక్కన పసుపుపచ్చగా పూస్తుంది. బతుకమ్మకు అదే ముందు కావాలి. నా దగ్గర ఉన్న కొంచెంతో ఏం చేయగలను?

మందారం, తుమ్మి, తామర, మోదుగ మీరే రాయండి. విదేశాల్లో ఉండి ఈ పూలు చూసి ఏళ్లయినవాళ్లు అమ్మకో పిన్నికో ఫోన్ చేసి, పెరట్లో ఏ పూలు ఉండేవో అడిగి రాసుకోండి. ఆ ఫోన్‌కాల్ ఒక్కటే ఒక రోజు పనికి సమానం.

ప్రశ్న మార్చుకోండి, పని పెట్టుకోండి

"ఉద్యోగం వస్తుందా?" అని కార్డును అడిగితే జవాబు కోసం రోజంతా ఎదురుచూస్తూ కూర్చుంటారు. "ఉద్యోగం కోసం ఈ రోజు నేను చేయగల ఒక్క పని ఏది?" అని అడగండి. "ఆయనకి నా మీద కోపమా?" అని కాకుండా "ఆయనతో ఏ మాట మాట్లాడకుండా ఉండిపోయాను?" అని అడగండి. ప్రశ్నలో మీరు చేసే పని ఉండాలి.

ఆ తర్వాత నోట్‌బుక్‌లో మూడు లైన్లు: మొదటి దాంట్లో తేదీ, కార్డు, పువ్వు; రెండో దాంట్లో నాకు తోచిన మాట; మూడో దాంట్లో మధ్యాహ్నం భోజనం లోపు చేసే పని. భోజనం లోపు అని ఎందుకంటున్నానంటే, సాయంత్రానికి పెట్టుకున్నవి నా నోట్‌బుక్‌లో సగానికి పైగా టిక్ లేకుండానే మిగిలాయి. పని చిన్నదిగా ఉండాలి. "ఆరోగ్యం చూసుకుంటాను" అని రాయొద్దు, "పదకొండింటికి మేడ మీద పావుగంట నడుస్తాను" అని రాయండి.

వీలైతే ఒక పువ్వు తెచ్చి కార్డు పక్కన పెట్టండి. ఏ పువ్వైనా సరే. నేను సాయంత్రం మూర మల్లెమొగ్గలు కొని గిన్నెలో వేసి ఉంచుతాను. రాత్రికి అవి విచ్చుకుంటున్నప్పుడు ఆ రోజు రాసిన మూడు లైన్లు మళ్లీ చదువుతాను.

ఇవి మాత్రం చేయొద్దు

నచ్చని కార్డు వచ్చిందని మళ్లీ మళ్లీ తీయొద్దు. రోజుకు ఒకటే. జబ్బు, కోర్టు కేసు, అప్పు, భూమి లావాదేవీలు కార్డులకు వదలొద్దు. వాటికి డాక్టర్, లాయర్, బ్యాంకు ఉన్నారు. ఎవరైనా కార్డు చూపించి భయపెట్టి డబ్బు అడిగితే అక్కడితో మాట ఆపేయండి. పక్కింటావిడ గురించో, కోడలి గురించో ఆమెకు తెలియకుండా కార్డు తీయొద్దు. మనసు మరీ కుంగిపోయి లేవబుద్ధి కాని రోజులు వరుసగా వస్తుంటే కార్డులు పక్కన పెట్టి దగ్గరి మనిషికి చెప్పండి, డాక్టర్‌ని కలవండి.

నెల తర్వాత

ఇప్పుడు పెట్టెలోని మిగతా కార్డులు కలపండి. చాలావాటిలో పువ్వు ఉండదు. అలాంటి కార్డు వచ్చినప్పుడు, ఆ బొమ్మలో నేనైతే ఏ పువ్వు పెడతాను, ఎక్కడ పెడతాను అని ఆలోచించండి. పువ్వు ఉన్న కార్డుల కంటే ఇవే నాకు ఎక్కువ నేర్పాయి.

మొన్న నాకు ఎయిట్ ఆఫ్ స్వోర్డ్స్ వచ్చింది. కళ్లకు గంతలు, చేతులకు కట్లు, చుట్టూ ఎనిమిది కత్తులు, మధ్యలో ఒంటరిగా ఒక ఆడమనిషి. కాళ్లకు కట్లు లేవు. కానీ ఎటు నడవాలో కనబడదు. చాలాసేపు చూసి, కత్తుల మధ్య సందు ఉన్న వైపు ఒక మల్లెపొద పెట్టాను. కళ్లు కట్టేసినా వాసన ఎటునుంచి వస్తోందో తెలుస్తుంది. ఆ రోజు నోట్‌బుక్‌లో మూడో లైన్ ఇది: "పన్నెండు లోపు అక్కకి ఫోన్ చేసి, ఏం చేయాలో తోచట్లేదని చెప్పాలి." పక్కన టిక్ ఉంది.